మా వూరు దిక్కులేనిదా?

ఈమధ్య నెల్లూరులో జరిగిన వొక సాహిత్య సభలో, కాఫీ విరామంలో, వొక మిత్రుడు నాతో అన్నాడు: "మీరు కంపెనీలను తిట్టడం మానండి. ఇచ్చేవాణ్ణి ఇవ్వనివ్వండి. తుపాను వచ్చిన మర్నాడు అన్నం పొట్లాలు పట్టుకొచ్చింది మీ వర్గసిద్ధాంతం కాదు, కంపెనీ లారీ." ఆయన కవి, మంచి కవి కూడా. ఆ మాటకు నేను అక్కడ జవాబు చెప్పలేకపోయాను. జవాబు లేక కాదు. ఆ జవాబు చెప్పే అర్హత నాకు వుందా అని అనుమానం వచ్చి నోరు మూసుకున్నాను. ఆ అనుమానానికి కారణం కొంచెం ఆగి చెబుతాను.

ఆయన మాటలో నిజం వుంది. ఆకలితో వున్నవాడికి పొట్లం మీద ఎవరి పేరు అచ్చయిందనేది అనవసరం. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారినీ రైలు కట్టనూ కోసేసినప్పుడు, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటబోతూ మా తీరం పొడుగునా ఒరుసుకుంటూ పోయినప్పుడు, మంచినీళ్ళ డబ్బా తెచ్చిన ప్రతివాడూ మాకు ఆప్తుడే. ఆ డబ్బాను కాలితో తన్నమని నేనెవరికీ చెప్పలేదు, చెప్పను. నా తగాదా డబ్బాతో కాదు. డబ్బా ఇచ్చినవాడు దాన్ని ఏమని పిలుస్తున్నాడు, ఏ లెక్కలో రాసుకుంటున్నాడు, దానికి బదులు ఏం పట్టుకుపోతున్నాడు అన్న వాటితోనే.

పిలుపుతో మొదలుపెడతాను. నేను తెలుగు పాఠాలు చెప్పి బతికేవాణ్ణి, నాకు తెలిసిన పని అదొక్కటే.

వరదో తుపానో వచ్చిన ప్రతిసారీ మనకు వినబడే మాట "దత్తత". ఫలానా కంపెనీ ఫలానా గ్రామాన్ని దత్తత తీసుకున్నది. పత్రికలు యీ మాటను ఎంతో మురిపెంగా వాడతాయి. మన శాస్త్రాలలో దత్తత బిడ్డ మేలుకోసం పుట్టిన ఆచారమేనా? కాదు. బిడ్డలు లేనివాడికి పిండం పెట్టేవాడు కావాలి, వంశం నిలబెట్టేవాడు కావాలి. అంచేత దత్తత. అవసరం తీసుకునేవాడిది. దత్తుపోయిన పిల్లవాడికి ఇంటిపేరు మారుతుంది, గోత్రం మారుతుంది, కన్నవారి ఆస్తిమీద హక్కు పోతుంది. కొత్తగా కట్టిన కాలనీకి దాత పేరు పెట్టి, పాత పాళెం పేరు చెరిపేసినప్పుడు జరుగుతున్నది అచ్చంగా ఇదే. చరిత్ర పాఠం చెప్పే మా సహాధ్యాపకుడొకాయన దీనికి మరో ముక్క కలిపాడు. 1848 తర్వాత డల్హౌసీ కాలంలో, సంస్థానాధీశుల దత్తతలు చెల్లవంటూ రాజ్యాలను కాజేసినది కూడా కంపెనీయేనట. అప్పటి కంపెనీ దత్తత కూడదని భూములు తీసుకుంది. ఇప్పటి కంపెనీలు దత్తత చేసుకొని తీసుకుంటాయి.

మా ముత్తుకూరు మండలంలో సముద్రపు ఒడ్డున చేపలమ్ముకునే వొక పెద్దావిడకు నేను యీ మాట అర్థం విడమరిచి చెప్పాను. ఆమె తట్ట దించి, "ఏంది నాయనా, మా వూరు దిక్కులేంది అయిపోయిందా దత్తు తీసుకునేదానికి? మేము చచ్చినామా?" అన్నది. పట్టా పుచ్చుకున్న నాకు తోచని విమర్శ అది.

రెండో మాట "లబ్ధిదారు". లబ్ధి అంటే లాభం. ఇల్లు కూలి, వల కొట్టుకుపోయి, కోళ్ళు చచ్చి, పిల్లల పుస్తకాలు తడిసి ముద్దయిన మనిషి పది కిలోల బియ్యం అందుకున్న క్షణంలో లాభం పొందినవాడవుతాడు! పోయినదాని లెక్క ఏ పత్రంలోనూ వుండదు. వచ్చినదాని లెక్క ఫోటోతో సహా వుంటుంది.

ఇప్పుడు నా అర్హత సంగతి. 2021 వరదల తర్వాత వొక కంపెనీవారు తాము చేసిన సహాయం గురించి తెలుగులో చిన్న పుస్తకం వేయదలచి, తెలిసినవారి ద్వారా నన్ను అడిగారు. ఇరవై నాలుగు పేజీలు. పది వేలు ఇస్తామన్నారు. ఆ నెలలో నాకు ఆ పది వేలు అవసరం. రాశాను. "ఆపన్నహస్తం" అని పేరు పెట్టింది నేనే. "దత్తత" అన్న మాట అందులో ఏడుచోట్ల వాడాను. దుప్పటీ బియ్యమూ అందుకుంటున్న వొక స్త్రీ ఫోటో కింద "ఆనందబాష్పాలతో ఒక లబ్ధిదారు" అని రాసిందీ నేనే. మూడు నెలల తర్వాత, తరగతి అయ్యాక, బి.ఎ. రెండో సంవత్సరం కుర్రాడొకడు ఆ పుస్తకం పట్టుకొచ్చి, ఆ పేజీ తెరిచి, "సార్, పెద్ద సారు పేరు మూడుసార్లు వేశారు గదా, మా అమ్మ పేరు వొక్కసారి కూడా వెయ్యలేదేంది?" అన్నాడు. వాడు కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. ఆ కన్నీళ్ళు కూడా ఆనందబాష్పాలు కావనీ, ఫోటో సరిగా రాలేదని అదే బియ్యం సంచీ రెండుసార్లు ఇప్పించుకున్నారనీ, ఎండలో నిలబడి ఆమె కళ్ళు మండాయనీ తర్వాత చెప్పాడు.

కనుక యీ వ్యాసం నామీద నేను రాసుకుంటున్నది కూడా. అయితే నా తప్పు ఒప్పుకున్నంతమాత్రాన మిత్రుడి వాదం నెగ్గదు.

దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. పది వేల ప్రాణాలు పోయాయి. అప్పుడు నాటకాలవాళ్ళూ సినిమావాళ్ళూ జోలె పట్టారు. రామారావుగారు 1952లో రాయలసీమ కరువుకు కూడా అలాగే పట్టారు. విద్యార్థులు శవాలు మోశారు. ఎన్నో సంస్థలు వచ్చి ఇళ్ళు కట్టించాయి. ఆ సహాయంలో లోపాలు లేవనను. కాని జోలెలో పడిన బేడా పావలా వేసినవాడి కష్టార్జితంలోంచి పడింది, వేసినవాడు ఆ పావలా తిరిగి రాబట్టుకోలేదు. 2014 అక్టోబరు 12న విశాఖమీద హుద్‌హుద్ పడ్డాక సినిమా పరిశ్రమ దూరదర్శన కార్యక్రమం వొకటి చేసి, దానికి శ్రీశ్రీ పదాన్ని ఏకవచనం బహువచనం చేసి "మేము సైతం" అని పేరు పెట్టింది. డబ్బు వచ్చింది, మంచిదే. ప్రపంచాన్ని తలకిందులు చేయడానికి పుట్టిన పదం ప్రాయోజకుల ప్రకటనల మధ్య కూర్చున్నది. అభ్యుదయ రచయితలమైన మనం దానికి చప్పట్లు కొట్టాం.

2014 నుంచి మరో మార్పు. కంపెనీల చట్టం 135వ సెక్షను అమలులోకి వచ్చింది. అయిదు వందల కోట్ల నికర ఆస్తి గాని, వెయ్యి కోట్ల వ్యాపారం గాని, అయిదు కోట్ల లాభం గాని వున్న కంపెనీ, గడచిన మూడేళ్ళ సగటు లాభంలో నూటికి రెండు వంతులు సమాజంకోసం ఖర్చు చేయాలి. తాను పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని అదే సెక్షను చెబుతుంది. 2019 మేలో విపత్తు సహాయం, పునరావాసం, పునర్నిర్మాణం కూడా యీ ఖర్చుల జాబితాలో చేర్చారు. అంటే లారీ మీద కట్టిన గుడ్డ బ్యానరు "మా ఔదార్యం" అని చెబుతున్నది చట్టప్రకారం చెల్లించవలసిన బాకీ. ఇంటిపన్ను కట్టి వచ్చినవాడికి మునిసిపాలిటీ సన్మానం చేస్తుందా?

అదే 2019 సెప్టెంబరులో, మినహాయింపులు వదులుకున్న కంపెనీలకు ఆదాయపు పన్ను నూటికి ముప్పై నుంచి ఇరవై రెండుకు తగ్గించారు. ఎనిమిది వదిలిపెట్టి రెండింటికి దండ వేస్తున్నాం.

ఇంకా వుంది. యీ రెండు వంతులను ఎవరి చేతిలో పోస్తే లెక్కలోకి వస్తుంది? 2020 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. కేర్స్ నిధికి ఇస్తే వస్తుందన్నది. ఏప్రిల్ 10న ఇచ్చిన వివరణలో ముఖ్యమంత్రి సహాయనిధికి ఇస్తే రాదన్నది. వరద నెల్లూరులో, బుడమేరు విజయవాడలో. లెక్కకు వచ్చే హుండీ మాత్రం ఢిల్లీలో! పైగా ఆ నిధి ప్రభుత్వ నిధి కాదనీ, సమాచార హక్కు చట్టం దానికి వర్తించదనీ ప్రధానమంత్రి కార్యాలయమే 2021లో ఢిల్లీ హైకోర్టుకు చెప్పుకున్నది. ఇక ముత్తుకూరు జాలరి తన పేరుమీద పోగయిన డబ్బు లెక్క ఎక్కడ అడగాలి?

"ప్రభుత్వం మాత్రం గొప్పదా? అక్కడ తినరా?" అంటాడు మిత్రుడు. తింటారు. కాని ప్రభుత్వాన్ని నిలదీయడానికి మనకు ఓటు వుంది, గ్రామసభ వుంది. ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ ఎలా చేయాలో దేశానికి దారి చూపించింది తెలుగువాళ్ళే. కూలివాళ్ళే చెట్టుకింద కూర్చుని మస్టరు చదివించి దొంగపేర్లు పట్టుకున్నారు. కంపెనీ ఖర్చు పుస్తకాన్ని అలా చెట్టుకింద చదివిన గ్రామం నాకు వొక్కటీ కనబడలేదు. కంపెనీ తొందరగా వస్తుంది, నిజమే. ఎక్కడికి వస్తుంది? లారీ పోగలిగినచోటికి. రోడ్డు పక్కన వున్న వూరికి మూడు సంస్థలు మూడుసార్లు పప్పు పంచుతాయి. బకింగ్‌హాం కాలవ గట్టున గుడిసెలు వేసుకున్న యానాదుల దగ్గరికి ఎవరూ పోరు. వాళ్ళలో రేషను కార్డు లేనివాళ్ళు ఇప్పటికీ వున్నారు. కార్డు లేకపోతే ప్రభుత్వ జాబితాలో పేరు వుండదు, కంపెనీ ఆ జాబితానే తెచ్చుకుంటుంది. మునిగినవాడికి తాను మునిగానని రుజువు కావాలి, ఆ రుజువు నీళ్ళలో మునిగిపోయింది.

సునామీ వచ్చిన ఆదివారం, 2004 డిసెంబరు 26న, నాకు పదిహేనేళ్ళు. దేశంలో పది వేలమందికి పైగా చనిపోయారు. వారిలో నూరుమందికి పైగా మన రాష్ట్రంవాళ్ళు. ఆ తర్వాత బంగాళాఖాతం చుట్టూ జరిగిన సహాయం గురించి ఎన్నో అధ్యయనాలు వచ్చాయి. అవి చెప్పిన సంగతి మా తీరంలో ఎవరిని అడిగినా చెబుతారు. దాతలందరికీ పడవ కావాలి. పడవకు పేరు రాయవచ్చు, రంగు వేయవచ్చు, జెండా ఊపి నీళ్ళలోకి దింపవచ్చు. అంచేత ఫైబరు పడవలు పోటీపడి వచ్చాయి. కొన్ని తీరాల్లో పోయిన పడవలకంటె వచ్చినవే ఎక్కువయ్యాయి. చేప మాత్రం పెరగలేదు. కట్టమరం మీద పోయేవాడికి చమురు ఖర్చు లేదు, ఫైబరు పడవకు ఇంజను, ఇంజనుకు చమురు, చమురుకు అప్పు. అప్పు ఇచ్చిన షావుకారుకే పట్టిన చేప తక్కువ ధరకు వేయాలి. పడవ యజమానికి పరిహారం వచ్చింది, అదే పడవలో పాలుకు పోయే కళాసీకి రాలేదు. తట్టా, తక్కెడా, అయిదొందల మదుపూ పోగొట్టుకున్న చేపలావిడ ఎవరి పట్టికలోనూ లేదు. తట్టమీద కంపెనీ పేరు రాస్తే ఎవరు చూస్తారు?

సముద్రాన్ని తిడుతూ మనం కవితలు రాశాం. తుపానుకొక సంకలనం తెస్తున్నాం. "ఓ కడలీ, నీకు కరుణ లేదా?" ధోరణి. కడలికి కరుణ వుండదు, అది నీరు. కడలికీ పాళేనికీ మధ్య ఇసుకదిబ్బ వుండేది, సరుగుడు తోపు వుండేది, కయ్యల్లో మడచెట్లు వుండేవి. వాటినెవరు తీశారని అడిగే కవిత ఎన్ని సంకలనాల్లో వుంది? 1991లో తీరప్రాంత నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఆ హద్దులో వున్న రొయ్యల చెరువుల పరిశ్రమను తీసివేయమన్నది. 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి, 1991 నాటినుంచే వర్తించేటట్టు ఆ చెరువులకు విడుదల ఇచ్చింది. 2019 జనవరిలో వచ్చిన కొత్త ఉత్తర్వు, జనం కిక్కిరిసిన పల్లె తీరాల్లో కట్టడాలు కూడని మేరను రెండు వందల మీటర్లనుంచి యాభైకి కుదించింది. 2021 నవంబరు 19న అన్నమయ్య ఆనకట్ట తెగి చెయ్యేటి ఒడ్డు పల్లెలు కొట్టుకుపోయాయి. దాని అయిదో గేటు తెరుచుకోలేదని కేంద్ర మంత్రి రాజ్యసభలో చెప్పాడు. వీటన్నిటినీ "ప్రకృతి వైపరీత్యం" అన్న వొక్క మాటకింద కప్పెట్టడం మన భాష చేస్తున్న అన్యాయం. విద్వాన్ విశ్వం "పెన్నేటి పాట" నీళ్ళు లేని పెన్న గురించి రాశారు. నీళ్ళెక్కువైన పెన్న గురించి రాయవలసినవాడు గేటు గురించి కూడా రాయాలి.

మరి కంపెనీలు ఏమీ చేయకూడదా? ఎందుకు చేయకూడదు! చేయవలసినవి చాలా వున్నాయి. వాటికి ఫోటో రాదు, అదే చిక్కు.

కృష్ణపట్నం మా మండలంలోదే. ఆ పేరు 2021లో వొక మూలికామందుకోసం దేశమంతా మోగింది గాని, రేవు అంతకుముందే 2008లో కొత్తగా తెరుచుకున్నది. నవయుగవారు కట్టారు, 2020–21లో అదానీవారు కొన్నారు. చుట్టూ థర్మల్ కేంద్రాలూ, నూనె శుద్ధి కర్మాగారాలూ వచ్చాయి. ఇలాంటి చోట్ల బరువుపనిలో ఎక్కువభాగం కాంట్రాక్టు కూలీలది. తుపాను హెచ్చరిక ఎగరేయగానే పని ఆగుతుంది, పనితోపాటు కూలీ ఆగుతుంది. నేలతడి ఆరేదాకా, వారం పోనీ పది రోజులు, ఆ కూలివాడికి రాబడి లేదు. అతని ఇల్లు కారుతున్నది కూడా అప్పుడే. ఏ కంపెనీ అయినా చేయవలసిన మొదటి సహాయం, పని ఆగిన రోజులకు తన ఆవరణలో పనిచేసే ప్రతివాడికీ, కాంట్రాక్టరు మనిషికి కూడా, కూలి చెల్లించడం. ఇది దానపు పద్దులోకి రాదు, రాకూడదు కూడా. 2020 ఏప్రిల్ వివరణలో ప్రభుత్వమే లాక్‌డౌను కాలపు కూలీ కంపెనీ బాధ్యత, సమాజసేవ ఖర్చు కాదు అన్నది. సరే, తుపానుకు మాత్రం ఎందుకు కాదు?

యంత్రాలున్నాయి. తవ్వే యంత్రాలు, నీళ్ళు తోడే మోటార్లు, జనరేటర్లు. కాలవ పూడిక తీయాలన్నా, పడిన చెట్టు లేపాలన్నా పంచాయతీకి పలుగూ పారా తప్ప ఏముంది? సునామీ అయిన ఏడాదికి, 2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టంలో 65వ సెక్షను వున్నది. దాని ప్రకారం జిల్లా ప్రాధికార సంస్థ ఏ వాహనాన్నయినా, ఏ కట్టడాన్నయినా, ఏ సరంజామానయినా అవసరం పడితే స్వాధీనం చేసుకోవచ్చు. వాడుకున్నందుకు డబ్బు చెల్లించే ఏర్పాటు కూడా చట్టంలోనే వుంది. లారీకోసం చేతులు జోడించే అధికారికి లారీ తీసుకునే అధికారం వుంది. వానాకాలం రాకముందే ఏ యంత్రం ఏ వూరికి పోవాలో రాసుకుని గ్రామసభలో చదివితే, తుపాను రాత్రి ఎవరి దయా అక్కరలేదు.

మేత కంపెనీల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మా ప్రాంతంలో చిన్న చెరువు రైతు పిల్లా మేతా అరువుకు తెచ్చుకుంటాడు, పట్టుబడికి తీరుస్తాడు. వరదకు గట్టు తెగి రొయ్య ఏట్లో కలిస్తే పంట పోతుంది, అరువు పోదు. వడ్డీతో నిలబడుతుంది. ఆ రైతుకు దుప్పటీ ఎందుకు? ఆ పంట అరువులో సగం కొట్టివేసి మిగతాది రెండు పంటలమీద సర్దితే వాడు నిలబడతాడు. కంపెనీకి అది పుస్తకంలో వొక గీత. ఆ గీత గియ్యమని అడగండి. దుప్పటీల సంఖ్య పెంచుతాం అంటారు.

ఇక నూటికి రెండు వంతుల డబ్బు. అది వూరివాళ్ళు గ్రామసభలో తేల్చిన పనికి పోవాలి, లెక్క అదే సభలో చదవాలి. సహాయం పదో రోజున కాక పదో నెలలో కూడా రావాలి. తుపాను అయిన పదో నెలలోనే జాలరి అప్పు పీకమీదికి వస్తుంది, పిల్ల చదువు ఆగుతుంది, వలసబండి ఎక్కుతారు. అప్పటికి బ్యానరు చిరిగిపోయి వుంటుంది.

ముత్తుకూరు మండలం నేలటూరులో ప్రభుత్వరంగ విద్యుత్ కేంద్రం వుంది. దానికి దామోదరం సంజీవయ్యగారి పేరు పెట్టారు. 1960నుంచి 1962దాకా ముఖ్యమంత్రిగా వున్న ఆయన ముసలివాళ్ళకు పింఛను పెట్టించాడు. తన జేబులోంచి ఇవ్వలేదు, ఖజానాలోంచి హక్కుగా ఇప్పించాడు. (ఇప్పుడు దానికి కూడా ఫోటోలు తీస్తున్నారనుకోండి.) ముసలమ్మను పింఛను పుచ్చుకోనివ్వడానికీ, భిక్ష పుచ్చుకోనివ్వడానికీ మధ్య ఎంత దూరం వుందో ఆయనకు తెలుసు. ఆయన పేరున్న బోర్డు కిందినుంచే దత్తత లారీలు పోతున్నాయి.

మిత్రుడికి మరొక్క మాట. అన్నం పొట్లం వర్గసిద్ధాంతం తేలేదన్నారు. 1952–53లో రాయలసీమలో గంజి కేంద్రాలు నడిపింది ఎవరో మీ నాన్నగారి తరం వాళ్ళను అడిగితే చెబుతారు. వాళ్ళు గంజి పోస్తూనే, కరువు పన్ను రద్దు చెయ్యమని ఊరేగింపు కూడా తీశారు. గంజి పోసి ఊరేగింపు వద్దనేవాడు వేరు.

నేను రాసిన పుస్తకం గురించి చెప్పి ఆపుతాను. మొన్న వేసవిలో ఆ కంపెనీవారికి ఉత్తరం రాశాను. మళ్ళీ వేసేటట్టయితే "ఆనందబాష్పాలు" తీసివేయండి, ఆమె ఒప్పుకుంటే ఆమె పేరు వేయండి, ఆమెకు ఏమేం పోయిందో నేను రాసి ఇస్తాను, దానికి డబ్బు అక్కరలేదు అని. ఆమెను కూడా అడిగాను. పేరు వేసుకోవచ్చునన్నది. పోయినవాటి జాబితా కొడుకుచేత రాయించింది, వొకటిన్నర పేజీ వచ్చింది, చివర తులసికోట కూడా వుంది. ఉత్తరానికి జవాబు రాలేదు. పుస్తకం రెండో ముద్రణ మాత్రం వచ్చింది. కాగితం నాణ్యమైనది. ఆ ఫోటో ఇప్పుడు అట్టమీద వుంది, కింది మాట అలాగే వుంది.